పసుపు దారం కట్టిన ల్యాప్‌టాప్

దసరాకు ముందు రోజు పొద్దున పదింటికి ప్రీతి నా దుకాణానికి వచ్చింది. చేతిలో చార్జర్ ఉంది. ల్యాప్‌టాప్ లేదు.

“మామా, మూత మూసి పెడితే అది ఎంతసేపు అట్లనే ఉంటది?” అని అడిగింది.

“చార్జింగ్ ఉన్నంతసేపు ఉంటది. ఎందుకు?”

“చార్జర్ ఇంట్ల మర్చిపోయి డాడీ ల్యాప్‌టాప్‌ను ఆఫీసుకు తీస్కపోయిండు. ఆడ దాన్ని పూజల పెట్టిన్రంట. రేపు పొద్దుగాలదాక తెరవొద్దంట.”

“పెట్టనీ. ఒక్క దినంల ఏం పోతది? సేవ్ చేసినవ్ గదా?”

ప్రీతి చార్జర్ వైరు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“సేవ్ చేయలేదా?”

“నువ్వే చెప్పినవ్ గదా మామా. ఆఫ్ చేయనక్కర లేదు, ఏం చేయనక్కర లేదు, మూత వేసి పో, మళ్ల తెరిస్తే యాడ ఆపినవో ఆడ్నే ఉంటది అని.”

చెప్పాను. నిజమే. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. టీవీలు, మానిటర్లు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తూ కార్వాన్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ చిన్న దుకాణంలో కూర్చున్నాను. ఇంజినీరింగ్ చదివిన పిల్లలు మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టి, దానికేమైందో నాకే చెప్పి పోతారు. నేను చెప్పింది వినరు. ఇన్నేళ్లలో నా మాటను తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. పాటించింది కూడా ఈ ఒక్క మాటనే.

ఆ ల్యాప్‌టాప్‌లో ఏముందో నాకు తెలుసు. ప్రీతి తండ్రి డానియేలు మా ఏరియాకు నల్లా నీళ్లు వదిలే మనిషి. ముప్పై ఒక్క సంవత్సరాలుగా తెల్లవారుజామున సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగి, ఒక్కో గల్లీకి ఒక్కో వాల్వు తిప్పి నీళ్లు ఇచ్చాడు. ఆ వాల్వులు ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు. రోడ్డు మీద రోడ్డు వేశారు, సీసీ మీద సీసీ పోశారు, కొన్ని మూతలు అడుగున్నర లోతుకు పోయాయి. ఆఫీసు గోడకున్న కాగితపు మ్యాపు ఈ గల్లీల్లో సగం పుట్టకముందుది. ఈ నెలాఖరుకు డానియేలు రిటైర్ అవుతున్నాడు. ఆయన చోట్లోకి కొండల్ అనే మనిషి వేరే సెక్షన్ నుంచి వచ్చాడు. పోయే ముందు ప్రతి వాల్వునూ మ్యాపు మీద పెట్టి కొండల్ చేతికి ఇస్తానని డానియేలు మాట ఇచ్చాడు.

డానియేలు మూడో తరగతి. రాయడం సరిగ్గా రాదు. అందుకని తండ్రి మోకాలు పట్టుకుంటూ గల్లీలు నడుస్తుంటే, డిగ్రీ చదివే ప్రీతి మోపెడ్ సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు బొమ్మ గీసింది. మసీదు గోడ నుంచి తొమ్మిది అడుగులు, పాలబూత్ ఎదురుగా మోరీకి ఇవతల, ఇలా. పదహారు రోజులు. నూట పద్దెనిమిది వాల్వులు. కొత్త బొమ్మ తెరిచి గీయడం మొదలుపెట్టి, దానికి పేరు కూడా పెట్టకుండా, రోజూ సాయంత్రం మూత వేసింది, పొద్దున తెరిచింది.

ఆ ల్యాప్‌టాప్ నేనే ఇచ్చాను. ఎవరో వదిలేసిన పాత మిషన్‌లో ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి ఇచ్చాను. దానంతట అదే సేవ్ చేసుకునే ఏర్పాటు పెట్టడం మరిచిందీ నేనే.

“మామా, పోయిందా అది?” అంది ప్రీతి.

“పోలే. పండుకున్నది.”

మూత మూస్తే కంప్యూటర్‌లో ఏం జరుగుతుందో ఆ పిల్లకు దుకాణం మూస్తూ చెప్పాను. మిషన్ నిద్రపోయే ముందు, తెర మీద బొమ్మలు గీసే సిస్టంను పిలిచి, ‘తెర వదిలి పక్కకు జరుగు’ అంటుంది. అది జరుగుతుంది. అప్పుడు తెరను నడిపే చిప్పుకు కరెంటు ఆపేస్తారు. ఆ చిప్పు అన్నీ మరిచిపోతుంది. డిస్కు ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది. ఒక్క మెమరీకి మాత్రం, లోపల ఉన్నది చెదరకుండా, సన్నగా కరెంటు పోతుంటుంది. ప్రీతి గీసిన నూట పద్దెనిమిది చుక్కలూ ఆ సన్నటి కరెంటు మీద బతుకుతున్నాయి.

“ఆ కరెంటు యాడికెళ్లి వస్తది?”

“బ్యాటరీకెళ్లి. ఎనిమిదేండ్ల బ్యాటరీ అది. పండుకుంటే పది పన్నెండు గంటలు వస్తదేమో. మీ డాడీ ఎప్పుడు మూసిండు?”

“పొద్దుగాల ఏడింటికి.”

రేపు పొద్దునదాకా రాదు. ప్రీతికి నేను లెక్క చెప్పాల్సిన పని పడలేదు. చెప్పులు సరిచేసుకుని ముందు నడిచింది.

నీళ్ల సెక్షన్ ఆఫీసు మా దుకాణానికి రెండు గల్లీల అవతల, ట్యాంకు కింద. వెళ్లేసరికి పూజ అయిపోయింది. గది మధ్యలో ఎర్రబట్ట పరిచి పనిముట్లన్నీ వరసగా పెట్టారు. వాల్వులు తిప్పే పొడుగాటి ఇనుప తాళాలు, పానాలు, గునపాలు, పాత మోటారు. అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. వరస చివర, మోటారు పక్కన, ల్యాప్‌టాప్. దాని మూత మీద మూడు కుంకుమ బొట్లు, ఒక నిమ్మకాయ. చుట్టూ నాలుగు వరసల పసుపు దారం, పైన ముడి.

డానియేలు గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాడు. పూజప్పుడు ఆయన ఎప్పుడూ బయటే కూర్చుంటాడు.

“నువ్వెట్ల పెట్టనిచ్చినవ్ భాయ్?” అన్నాను.

“నేను చూడలే. కొండల్‌కు చూపిద్దామని తెచ్చి బల్ల మీద పెట్టిన. పూజ అయినంక లోపలికి పోతే వరసల ఉన్నది.”

లోపల నుంచి ఎల్లేష్ వచ్చాడు. ఆ సెక్షన్‌లో లైన్‌మన్. ఏటా పూజ చేసేది అతనే. చేతులకు ఇంకా పసుపు ఉంది.

“ఏంది గోవర్ధనన్నా, ప్రసాదానికొచ్చినవా?”

“నీ ప్రసాదం నువ్వే తిను. గా దారం జర ఇప్పు. ఐదు నిమిషాల పని ఉన్నది.”

ఎల్లేష్ నవ్వాడు. నేను నవ్వలేదని చూసి నవ్వు ఆపాడు.

“ఇయ్యాల పనిముట్టు పని చేయొద్దన్నా. మా బాపు కాలంకెళ్లి అంతే. కట్టినంక రేపు పొద్దుగాలనే ఇప్పేది.”

“కంప్యూటర్ పనిముట్టా?”

“మరి ఏందన్నా? పదహారు దినాలకెళ్లి మా వాల్వులన్నీ అండ్ల ఎక్కిస్తున్నరు. గునపానికి బొట్టు పెట్టి దానికి పెట్టకపోతే మంచిగుంటదా? డానియేలన్న మనసుకు ఏమనిపిస్తది? ఇన్నేండ్లల్ల అన్నది ఒక్క సామాను మా పూజకు రాలే. పోయేముంగట ఇదన్న ఉండనీ అనుకున్న.”

ప్రేమతో చేసిన పని. దాంతో లొల్లి పెట్టుకోవడం ఎట్లాగో నాకు తెలియదు. విషయం చెప్పాను. పదహారు రోజుల పని, సేవ్ కాలేదు, బ్యాటరీ రాత్రికి అయిపోతుంది, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. రిటైర్మెంట్‌కు పదకొండు రోజులే ఉన్నాయి. మోకాళ్లు ఒప్పుకోవు.

ఎల్లేష్ ముఖం మారింది. డానియేలు వైపు చూశాడు. “నువ్వు చెప్పన్నా. నువ్వు ఇప్పమంటే ఇప్పుత.”

నేను ఊపిరి వదిలాను. డానియేలు మోకాలు నిమురుకున్నాడు.

“వద్దు,” అన్నాడు.

“డాడీ!” అంది ప్రీతి.

“ముప్పై ఒక్క గుడ్‌ఫ్రైడేలు నా డ్యూటీ ఎల్లేష్, వాళ్ల బాపు చేసిన్రు బిడ్డా. ఒక్కనాడు ఎందుకని అడగలే. నేను గా దారం ఇప్పమని ఎట్ల చెప్త?”

నాకు ఒళ్లు మండింది. ఈ మనుషులకు ముడి ముఖ్యం, బొమ్మ కాదు. మర్యాదలు మర్యాదలు అంటూ కూర్చుంటే మా లాంటి వాళ్ల పనంతా మట్టిలో కలుస్తుంది, తర్వాత ఎవడో చదువుకున్నవాడు వచ్చి ‘రికార్డు ఏది?’ అంటాడు. ఇదంతా గట్టిగానే అన్నాను. డానియేలు విన్నాడు. ఎల్లేష్ మోటారు మీది బంతిపూలు సర్దుతూ కూర్చున్నాడు.

ల్యాప్‌టాప్ పక్కన వంగి చూశాను. అంచున ఉన్న చిన్న దీపం మెల్లగా వెలుగుతోంది, ఆరుతోంది. నిద్రలో ఊపిరి తీసినట్టు. దారం మధ్యలో నుంచి పోయింది. చార్జర్ పెట్టే కన్నం పక్కకు ఉంది, దానికి దారం అడ్డం లేదు.

“ఎల్లేషూ, దారం ఇప్పను. మూత తెరవను. పక్కకెళ్లి కరెంటు పెడత. గది పని చేసినట్టా?”

ఎల్లేష్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడిచి.

“పండుకున్నోనికి అన్నం తినిపిస్తరా అన్నా?”

“దవాఖానల గ్లూకోజ్ ఎక్కిస్తలేరా?”

“అవ్,” అన్నాడు ఎల్లేష్. “గ్లూకోజ్ ఎక్కియ్యి. గది పని కాదు.”

చార్జర్ పెట్టాను. రెండో దీపం వెలిగింది. ట్యాంకు మోటారుకున్న లైను కాబట్టి కరెంటు పోయినా జనరేటర్ ఉంటుందని అప్పుడే లోపలికి వచ్చిన కొండల్ చెప్పాడు. ప్రీతి సాయంత్రందాకా అక్కడే కూర్చుంది. ఎవరైనా ప్లగ్గు తీసి ఫోను పెట్టుకుంటారని ఆ పిల్ల భయం.

దసరా పొద్దున ఏడింటికి అందరం మళ్లీ అక్కడే ఉన్నాం. ఎల్లేష్ కొబ్బరికాయ కొట్టి, ముందుగా ల్యాప్‌టాప్ ముడినే విప్పాడు. కత్తెర ఇస్తానంటే వద్దన్నాడు. గోటితో ఒక్కో వరస తీసి, మూత మీద కుంకుమను తన కండువాతో తుడిచి, ప్రీతి ముందు పెట్టాడు.

ప్రీతి మూత ఎత్తింది. లోపల ఫ్యాను తిరిగింది. ఊపిరి తీస్తున్న దీపం నిలకడగా వెలిగింది.

తెర నల్లగానే ఉంది.

ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు. నల్లగానే ఉంది.

“హ్యాంగ్ అయింది,” అని ఎల్లేష్ ముందుకు వంగాడు. “నా ఫోను గిట్లనే అయితది. బటన్ గట్టిగ ఒత్తి పట్టుకుంటే మళ్ల మంచిగ వస్తది.”

అతని వేలు బటన్ దాకా పోయింది. చెయ్యి పట్టి లాగాను. నా గోరు గీసుకుందేమో, “అరె, ఏందన్నా!” అన్నాడు.

“ఒత్తినవంటే పోతది. అంతా పోతది.”

నా దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆ బటన్ ఒత్తి, మిషన్‌ను తమ చేతులతో చంపి, తర్వాత నా దగ్గరికి తెస్తారు. తెర నల్లగా ఉంటే మిషన్ పోయిందనుకుంటారు. తెర వేరు, మిషన్ వేరు. మేలుకున్నప్పుడు, అన్నీ మరిచిపోయిన ఆ చిప్పుకు అన్నీ మళ్లీ నేర్పాలి. తెర ఇంత వెడల్పు, ఇంత పొడుగు, ఇన్ని రంగులు అని. ఆ తర్వాత బొమ్మలు గీసే సిస్టంను పిలిచి, ‘తెర నీది, తీసుకో’ అనాలి. అది లోపల తెరిచి ఉన్న ఒక్కో కిటికీనీ, ‘నిన్ను నువ్వు మళ్లీ గీసుకో’ అని అడుగుతుంది. పాత బొమ్మ ఎక్కడా దాచి ఉండదు. ప్రతిసారీ కొత్తగా గీయాల్సిందే. ఈ వరసలో ఎక్కడ తడబడినా తెర నల్లగా ఉండిపోతుంది. వెనకాల మెమరీలో ఉన్నది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

క్యాప్స్ లాక్ నొక్కాను. కీబోర్డు మీద దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది.

“బతికే ఉన్నది,” అన్నాను. “చూపు రాలేదు, అంతే.”

బొమ్మల తెర నుంచి ఉత్త అక్షరాల తెరకు మారే మీటలున్నాయి. ఒక్కోసారి అటు పోయి ఇటు వస్తే చిప్పు సర్దుకుంటుంది. మారి చూశాను, తిరిగి వచ్చాను. లాభం లేదు. వెనక లైటు మాత్రమే రాలేదేమోనని ఫోను టార్చి ఏటవాలుగా పట్టాను. అలాగైతే మసకగా అయినా బొమ్మ కనపడాలి. కనపడలేదు. బయటి నుంచి టీవీ తగిలిద్దామంటే, దానికి వైరు పెట్టే కన్నం ఈ మిషన్‌లో నా చేతికి వచ్చేనాటికే విరిగిపోయి ఉంది.

“ఇగ గుడ్డిగనే చేయాలె,” అన్నాను.

“అంటే?” అన్నాడు డానియేలు.

“తెర లేకున్నా కీబోర్డు ఇంటది భాయ్. పాస్‌వర్డ్ కొడదాం. సేవ్ కొడదాం. పేరు కొడదాం. అయిందా లేదా అన్నది మాత్రం కంటికి కనపడదు.”

“మరెట్ల తెలుస్తది?”

“చెవికి తెలిసేటట్టు చేస్త.”

అక్షరాల తెరలోకి మారి, ప్రీతి పేరు, ఆ పిల్ల చెప్పిన పాస్‌వర్డ్ కొట్టి, స్పీకర్‌లో ఒక కూత పెట్టమని ఆర్డర్ రాశాను. నల్లటి తెర ముందు, అక్షరం కనపడకుండా, ఒక్కో మీట వెతుక్కుంటూ రాశాను. ఎంటర్ కొట్టాను. ల్యాప్‌టాప్ ‘కూ’ అని మోగింది. కొండల్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

“గది కూత. ఇప్పుడు ఉట్టిగనే పెట్టింది. మనం బొమ్మ సేవ్ చేసినంక, ‘నల్లా అన్న పేరుతోని ఫైలు యాడన్న ఉన్నదా చూడు, ఖాళీది కాకుంటేనే కూత పెట్టు’ అని అడుగుత. మోగితే ఉన్నట్టు. మోగకుంటే లేనట్టు.”

“వారెవ్వా!” అన్నాడు ఎల్లేష్. “మస్తు తెలివున్నదన్నా నీకు. దుకాణంల కూసొని ఈగలు కొడతవనుకున్న.”

బొమ్మల తెరకు తిరిగి వచ్చాను. ప్రీతి పాస్‌వర్డ్ కొట్టాను, ఎంటర్. సేవ్ మీటలు. కాసేపాగి, పేరు. ఎంటర్. మళ్లీ అక్షరాల తెర. ‘నల్లా ఉన్నదా?’ అని రాశాను. ఎంటర్ కొట్టాను.

మోగలేదు.

డానియేలు ముందుకు వంగి చెవి దగ్గరగా పెట్టాడు. మోగలేదు. రాసినదాంట్లో తప్పు పోయిందేమోనని మళ్లీ రాశాను. ఉట్టి కూత పెట్టమంటే పెడుతోంది. ఫైలు ఉందా అంటే పలకడం లేదు.

బొమ్మల సిస్టమే లోపల బిగుసుకుపోతే, ఎన్నిసార్లు కొట్టినా మీటలు బొమ్మదాకా పోవు. అప్పుడిక మిగిలింది ఆ బటనే. ఆ మాట డానియేలుకు ఎట్లా చెప్పాలో తోచక కుర్చీలో అట్లాగే కూర్చున్నాను.

“మామా,” అంది ప్రీతి, “నువ్వు పాస్‌వర్డ్ సీదా కొట్టినవా?”

“మరెట్ల కొడతరు?”

“నేనైతే ముందుగాల స్పేస్ కొడత. మూత తెరవంగనే గడియారం వస్తది కదా. స్పేస్ కొడితే అది పైకి పోతది. అప్పుడు పాస్‌వర్డ్. సీదా కొడితే మొదటి అక్షరం మింగుతది.”

నా మిషన్‌లో ఆ గడియారం నేను తీసేశాను. ఈ పిల్ల మిషన్‌లో ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం తక్కువ పడింది, తలుపు తెరుచుకోలేదు. తర్వాత కొట్టిందంతా తలుపు బయటే పడిపోయింది.

మళ్లీ బొమ్మల తెరకు మార్చి, కుర్చీలోంచి లేచాను.

“నువ్వే కూసో. నేను చెప్పేది ఇనకు. రోజు పొద్దుగాల లేచి ఎట్ల చేస్తవో, అట్లనే చెయ్యి. బొమ్మ ఎదురుంగ ఉన్నదనుకో.”

ప్రీతి కూర్చుంది. చేతులు చున్నీకి తుడుచుకుంది. ముందు కొట్టిందంతా పోవడానికి ఎస్కేప్ ఒకసారి నొక్కమన్నాను, అదొక్కటే నేను చెప్పింది. తర్వాత ఆ పిల్ల తెరను చూడలేదు, కీబోర్డునూ చూడలేదు. కిటికీలోంచి ట్యాంకు మెట్ల వైపు చూస్తూ స్పేస్ కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది, ఎంటర్ కొట్టింది. కాసేపాగింది. తెర ఉంటే ఎంతసేపు ఆగేదో అంతే ఆగింది. సేవ్. పేరు. ఎంటర్. డిస్కు దీపం రెండుసార్లు మిణుకుమంది.

నేను వంగి, అక్షరాల తెరకు మారి, పొద్దుటి నుంచి మూడోసారి అదే ప్రశ్న రాశాను.

‘కూ’ అని మోగింది.

డానియేలు, “ఇంకొకసారి అడుగు,” అన్నాడు. అడిగాను. మోగింది. “ఇంకొకసారి,” అన్నాడు. మూడోసారి మోగాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎల్లేష్ కొబ్బరిచిప్ప తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత బటన్ ఎల్లేష్‌నే ఒత్తమన్నాను. రెండు చేతులతో పట్టుకుని, లెక్కపెడుతూ ఒత్తాడు. ఆరింది. మళ్లీ వేస్తే, కొత్తగా మేలుకున్న మిషన్‌కు తెర ఏ బాధా లేకుండా వచ్చింది. ప్రీతి ఫైలు తెరిచింది. గల్లీలు, మోరీలు, మసీదు, పాలబూత్, నీలం చుక్కలు. లెక్కపెట్టింది. నూట పద్దెనిమిది. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, కొండల్ ఫోనులోకి ఒకటి వేయించాను. అది కూడా నేను పదహారు రోజుల కింద చెప్పాల్సిన మాటే.

డానియేలు తెర దగ్గరికి ముఖం పెట్టి ఒక్కో చుక్క మీద వేలు పెట్టుకుంటూ కొండల్‌కు చెప్పుకుపోయాడు. ఇది ఎడమకు తిరుగుతది. దీనికి మూత ఎత్తే ముందు పక్కింటి ముసలమ్మకు చెప్పాలె, లేకుంటే తిడతది. ఇది సగమే తిప్పాలె. డెబ్బై మూడో చుక్క దగ్గర వేలు ఆగింది. నా వైపు చూశాడు, మళ్లీ తెర వైపు చూశాడు.

“గిది?” అన్నాడు కొండల్.

“గిది వెనక గల్లీ వాల్వు. ఆరేండ్లకెళ్లి ముట్టలే. ఆ గల్లీకి నీళ్లు సన్నగ వచ్చేది అందుకే.”

“యాడ ఉన్నది?”

“గోవర్ధన్ భాయ్ దుకాణం మెట్టు కింద.”

ఆరేళ్ల కింద వానలకు మోరీ నీళ్లు దుకాణంలోకి వస్తున్నాయని ఆ మెట్టు నేనే పోశాను. నాలుగు సిమెంటు బస్తాలు. కింద ఏదో ఇనుప మూత ఉందని చూశాను. ఎవరి మూతో అనుకున్నాను.

“చెప్పలేదేంది భాయ్ ఇన్నేండ్లు?”

“ఆనాడు చెప్పనీకి వచ్చిన. నువ్వు మస్తు కోపంల ఉన్నవ్. ఎవని మీదనో తెల్వది. మళ్ల వద్దామని వాపస్ పోయిన.” డానియేలు మోకాలు నిమురుకున్నాడు. “మళ్ల వద్దాం, మళ్ల వద్దాం అనుకుంటనే గిన్నేండ్లు అయినయ్.”

ఎల్లేష్ పగలబడి నవ్వాడు. “ఎవని మీదనో కాదన్నా, అందరి మీద. రోజు గంతే గదా!”

నవ్వడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

వరసలోంచి ఒక గునపం తీసుకున్నాను. బొట్టు ఇంకా తడిగానే ఉంది. “ఇది ఇప్పుడు ముట్టుకోవచ్చా?” అని ఎల్లేష్‌ను అడిగాను. “పొద్దుగాల్నే లేచింది అన్నా, తీస్కో,” అన్నాడు. నలుగురూ నా వెంట వచ్చారు. పండగపూట దుకాణం ముందు మెట్టు పగలగొడుతుంటే, పోయేవాళ్లు ఆగి ఆగి చూశారు. కొండల్ గునపం ఇమ్మని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. నేను పోసిన సిమెంటే, గట్టిగా పోశాను, పగలడానికి గంటంబావు పట్టింది.

అడుగు లోతులో, డానియేలు చెప్పుతో గీత గీసి చూపించిన చోటే, గునపం ఇనుము మీద పడి మోగింది.

డానియేలు కొండల్ వైపు తిరిగి, “డెబ్బై మూడు,” అన్నాడు.